ఐదో పొట్లం

కావలి రోజు 1,187

దీపం బాగుంది. రోజువారీ చిట్టాలో మొదటి వాక్యం ఇదే ఉండాలని నియమం. దాని తర్వాత ఏం రాసుకున్నా చదివేవాళ్ళు లేరు. లేరని తెలుసు కాబట్టే ధైర్యంగా రాస్తున్నాను.

ఐదో దీపస్తంభం కావలిదారు మాణిక్యాంబ, వయసు నలభై ఆరు, ఈ రోజు చేసిన పనులు: దీపం గాజు తుడిచాను. గాలి జల్లెడలు దులిపాను. తోటకూర కోశాను. పాటల బృందంలో చేరాను.

ఆఖరి పని గురించి కాస్త చెప్పాలి. పొద్దున ఒకటో స్తంభం నుంచి దిల్‌షాద్ గొంతు వచ్చింది. ఆకాశంలో ఓడల దారి పొడవునా ఐదు స్తంభాలు, ఒకటోది భూమికి దగ్గర, నాది ఆ చివర. అక్కడ మాట్లాడిన మాట నా చెవిన పడడానికి దాదాపు యాభై నిమిషాలు పడుతుంది. అందుకని ఇక్కడ ఎవరూ కబుర్లు చెప్పుకోరు, ఒకరికొకరు ప్రసంగాలు పంపుకుంటారు.

"మాణిక్యక్కా, మంచిగున్నవా? ఐదో మనిషి లేక నా వరస కుంటుతున్నది. డ్యాన్స్ రాదంటవు, నాకెర్కనే. మా వాళ్ళల్ల మాత్రం ఎవరికొస్తది? నూకరాజును చూడు, దున్నపోతు లెక్క ఎగురుతడు. జనాలకు గదే నచ్చుతున్నది. ఇగ సాకులు జెప్పకు, వచ్చెయ్."

వీళ్ళ బృందం పేరు మరమరాలు. నాలుగు స్తంభాల కావలివాళ్ళు నలుగురూ ఎవరి స్తంభంలో వాళ్ళు ఎగిరి, కెమెరాతో తీసిన ఆ నాలుగు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి పాట వదులుతారు. భూమ్మీద జనం వెర్రెత్తినట్టు చూస్తున్నారట. కారణం వాళ్ళ అందం కాదు. అక్కడ ఇప్పుడు తెరమీద కనిపించేవాళ్ళంతా పోతబొమ్మలే. యంత్రం పోతపోసిన మనుషులు, తప్పు అడుగు వెయ్యరు, చెమట పట్టదు. వాటిని చూసి చూసి జనానికి మొహం మొత్తింది. కెమెరా కన్నే వేసిన ముద్ర ఉన్న బొమ్మ అయితే నిజం మనిషిది. ఒక్క చుక్క మార్చినా ఆ ముద్ర పగిలిపోతుంది.

నాకు సిగ్గు, ససేమిరా అంటాను, అని చెబుదామని మైకు దగ్గరికి వెళ్ళి సరే అన్నాను. మూడేళ్ళ పైన అయింది నన్నొక మనిషి చూసి. అదీ సంగతి.

కావలి రోజు 1,191

దీపం బాగుంది. పాట వచ్చింది.

ముంత మసాలా మీద పాట. ఇక్కడ ఎవరికీ ఉల్లిపాయ కూడా దొరకదు. అయినా పాటంతా ఉల్లిపాయలు తరగడమే. అడుగులకి కూడా ఆ పేర్లే పెట్టింది దిల్‌షాద్: తరగడం, పిండడం, కలపడం, ఎగరెయ్యడం, పొట్లం చుట్టడం, అందించడం. చివరి అడుగు అందించడం. వరసలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా పక్కకి చెయ్యి చాచి, లేని పొట్లాన్ని పక్కవాళ్ళకి అందించాలి. ఎనిమిది లెక్కలు అలాగే ఉంచి దించాలి. దిల్‌షాద్ రెండో స్తంభం ప్రభుదాసుకి, ప్రభుదాసు మూడో స్తంభం చంద్రికకి, చంద్రిక నూకరాజుకి, నూకరాజు నాకు.

నేనెవరికి? దిల్‌షాద్‌ని అడిగాను. "నువ్వు ఆఖరికున్నవు గదక్కా. నీ అవతల ఎవరున్నరు? గా చీకటికే ఇయ్యి. మస్తుంటది చూడనీకి" అంది. ఆమెకి అది కవిత్వం. నాకది ఇంటి చిరునామా.

పని పద్ధతి గొలుసు. ఒకటో మనిషి ఎగిరి రెండో మనిషికి పంపుతుంది. అతను ఆమెని చూస్తూ ఎగిరి మూడో మనిషికి పంపుతాడు. ఆఖరిదాన్ని గనక నేను నలుగురినీ చూస్తాను. పాట బయటికి వచ్చేదాకా నన్నెవరూ చూడరు.

కావలి రోజు 1,204

దీపం బాగుంది. నడుం బాగాలేదు.

నా స్తంభంలో బరువు అనేది ఒక్కచోటే ఉంది, తిరిగే పీపాలో. పీపా తిరుగుతుంటే నేను దాని గోడ మీద నిలబడతాను, అదే నాకు నేల. అందులో ఎగరడమంటే ఒక చిక్కు. కెమెరా వైపు తిరిగి కుడికి దూకితే అది పీపా తిరిగే దిక్కు, ఒళ్ళు బరువెక్కి మోకాలు కుంగుతుంది. ఎడమకి దూకితే ఒళ్ళు తేలికపడి పువ్వులా లేస్తుంది. అదృష్టం కొద్దీ ఈ పాటలో పెద్ద దూకుళ్ళన్నీ తేలిక వైపే పడ్డాయి. దిల్‌షాద్ నా పీపాని దృష్టిలో పెట్టుకునే కట్టిందేమో, అడగాలి.

నేను దూకినప్పుడల్లా పీపా ఊగుతుంది. ఊగుడు కొలిచే ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతే పరిగెత్తి, బరువు సరితూగేలా ఈ తొట్టిలో నీళ్ళు ఆ తొట్టిలోకి తోడాలి. పాట మూడు నిమిషాలు, నీళ్ళు తోడడం నలభై.

కావలి రోజు 1,229

దీపం బాగుంది. నూకరాజు బొమ్మ వచ్చింది.

నూకరాజు నాలుగో స్తంభం కావలిదారు. పక్క స్తంభమే గాని ఆ పక్క కోట్ల మైళ్ళ అవతల. మనిషి భారీ, నవ్వితే బుగ్గలు కళ్ళని మూసేస్తాయి. చివర్లో ఎనిమిదో లెక్కకి దించాల్సిన చేతిని తొమ్మిది దాకా ఉంచాడు. దొరికాడు కదా అని ఏడిపిస్తూ పంపాను: "ఏం తమ్ముడూ, ఎనిమిది దాకా లెక్కపెట్టడం నేర్పలేదా బళ్ళో, తొమ్మిది దాకా పోయావు?"

సాయంత్రానికి జవాబు వచ్చింది.

"ఏటప్పా, అలాగంతావు. భీమిలి బీచికాడ ఆరేల్లు ముంత మసాలా బండి నడిపినోన్ని. గిరాకీ పొట్లం అందుకునీదాకా సెయ్యి దించకూడదు, అది మా బండి మర్యాద. అందుకునీవోలు లేకపోతే ఎప్పుడు దించాలో ఈ సేతికేటి తెలస్తాది? అందుకే ఓ లెక్క ఎక్కువ సూసినాను."

నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వాను. తర్వాత ఆ బొమ్మని ఇంకోసారి వేసి చూస్తే అంతగా నవ్వు రాలేదు. చెయ్యి చాచి, కళ్ళు పక్కకి తిప్పి, ఎవరో వస్తున్నట్టు చూస్తాడు. అక్కడ అతని పీపా గోడ తప్ప ఇంకేం లేదు.

కావలి రోజు 1,258

దీపం బాగుంది. రెండు వార్తలు.

ఒకటి, మౌనం తేదీలు వచ్చాయి. సూర్యుడు నాకూ భూమికీ మధ్య అడ్డం వస్తాడు. స్తంభాల మధ్య మాటలు కూడా భూమి మీదుగానే తిరిగి వస్తాయి గనక 1,270 నుంచి ఇరవై రోజులు ఏ మాటా ఇటు రాదు, అటు పోదు. పాట విడుదల ఆ ఇరవై రోజుల్లోనే. అంటే నా బొమ్మ 1,269 సాయంత్రంలోగా వెళ్ళిపోవాలి.

రెండు, భూమ్మీద మా స్తంభాలు నడిపే కేంద్రం వాళ్ళు దిల్‌షాద్‌కి ఒక సలహా ఇచ్చారు. ఐదో స్తంభం నుంచి బొమ్మ అందకపోతే కంగారు పడొద్దట. ఉద్యోగంలో చేరినప్పటి నా కొలతలు వాళ్ళ దగ్గర ఉన్నాయట, వాటితో ఒక మాణిక్యాంబని పోతపోస్తారట. ముద్ర మిగతా నలుగురికీ ఉంటే చాలునట, చివరిదాన్ని ఎవరు చూస్తారని.

చివరిదాన్ని ఎవరు చూస్తారు! ఆ మాట రోజంతా చెవిలో జోరీగలా తిరిగింది. కోపంతో ఎగిరితే ముల్లు ఎర్రగీత దాటింది.

కావలి రోజు 1,266

దీపం బాగుంది. బొమ్మ తీశాను. తప్పు ఒక్కటి లేకుండా, ఊపిరి బిగపట్టి, నూకరాజు తొమ్మిదో లెక్కతో సహా. అతన్ని చూసి చూసి నా చేతికీ అదే అలవాటైంది. నలభై ఆరేళ్ళలో నన్ను చూసుకుని నేను ఇంత ముచ్చటపడింది లేదు.

తర్వాత నలుగురి పక్కన నా బొమ్మ పెట్టి చూశాను.

నలుగురూ కుడికి దూకుతుంటే నేను ఎడమకి దూకుతున్నాను. వాళ్ళు కుడిచేత్తో నిమ్మకాయ పిండితే నేను ఎడంచేత్తో. మొదటి నుంచి చివరిదాకా, ప్రతి అడుగూ తిరగబడింది. రెండోసారి వేసి చూశాను, మూడోసారి చూశాను, మారుతుందేమోనని. మారలేదు.

కావలి రోజు 1,267

దీపం బాగుంది. దిల్‌షాద్‌కి చెప్పాను. ఆమె మొదటి మాట: "అద్దం పెట్టుకోలేదా అక్కా?"

అప్పుడు అర్థమైంది. వాళ్ళ తెరలన్నీ నృత్యం నేర్చుకునేటప్పుడు బొమ్మని వాటంతట అవే తిరగేసి, అద్దంలో చూసినట్టు చూపిస్తాయి. చిన్నప్పటి నుంచీ అలాంటి తెరల ముందే నేర్చుకున్న మనిషి గనక ఎవరికైనా చెప్పాలని కూడా ఆమెకి తోచలేదు. అడుగులకి 'ఇటు, అటు' అని కేకేస్తుందే గాని కుడి ఎడమల పేరెత్తదు. నా తెర ఓడల దారిపటాలు చూపే పాత తెర. పటాన్ని తిరగేసి చూపిస్తే ఓడ వెళ్ళి రాయిని గుద్దుకుంటుంది, కాబట్టి అది చచ్చినా తిరగెయ్యదు. ఎదురుగా ఉన్నవాళ్ళు ఎటు కదిలితే నేనూ అటే కదిలాను. రెండున్నర నెలలు.

బొమ్మని తిరగేస్తే ఒక్క క్షణం పని. కాని తిరగేసిన మరుక్షణం ముద్ర పగిలిపోతుంది, అప్పుడు నేనూ పోతబొమ్మనే. అద్దంలో చూస్తూ తీద్దామంటే నా దగ్గరున్న అద్దం అరచేతంత. పెద్ద అద్దం ఒకటుంది, దీపం వెనకాల. అది విప్పితే మళ్ళీ బిగించేదాకా దీపం ఉండదు. ఆ కాసేపట్లో ఓడ రాదని చిట్టా చెబుతోంది. మరమేకులు తిప్పే పనిముట్టు పట్టుకుని వెళ్ళి, దీపం ముందు కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేశాను. వెయ్యి పైచిలుకు రోజులు 'దీపం బాగుంది' అని నిజం రాశాను. ఒక పాట కోసం ఒక్కరోజు అబద్ధం రాయలేను.

"మల్ల నేర్చుకో అక్కా, రెండు దినాలున్నయి గద" అంది దిల్‌షాద్. పాపం, ఆమె గొంతులో ఆశ లేదు.

కావలి రోజు 1,268

దీపం బాగుంది. కుడికి దూకాను. ఒళ్ళు బరువెక్కి మోకాలు మడతపడింది. మళ్ళీ దూకాను. తల తిరిగి తోటకూర మడిలో పడ్డాను. బుర్ర కుడి అంటే కాళ్ళు ఎడమ అంటున్నాయి. నేర్చుకోవడానికి పట్టినంత కాలం మర్చిపోవడానికీ పడుతుందని ఈ వయసులో తెలిసింది. పదకొండోసారికి మోకాలు నారింజకాయలా వాచింది. నేలమీద కూర్చుని ఏడ్చాను. పీపా మాత్రం నిమ్మళంగా తిరిగింది, ముల్లు ఆకుపచ్చలో ఉంది.

కావలి రోజు 1,269

దీపం బాగుంది. తప్పు బొమ్మనే పంపేశాను. దాంతోపాటు ఈ మాటలు:

"దిల్‌షాద్, ఇంతకంటే నా వల్ల కాలేదు. నీ పాట నవ్వులపాలవుతుందనుకుంటే ఆ పోతబొమ్మనే నిలబెట్టు. నేనేమీ అనుకోను. నూకరాజుకి చెప్పు, మౌనం అయ్యాక పలకరిస్తానని."

ఏమీ అనుకోను అన్నది అబద్ధం. చాలా అనుకుంటాను. నా కొలతలున్న బొమ్మ, మోకాలు వాయని బొమ్మ, నా చోట నిలబడి నా చొక్కా తొడుక్కుని ఎగురుతుంటే కోట్లమంది దాన్ని చూసి ఐదో స్తంభం మాణిక్యాంబ అనుకుంటారు. ఇక్కడ ఉన్నదాన్ని ఏమనాలి మరి?

కావలి రోజు 1,270

దీపం బాగుంది. రేడియో బరబరమంటోంది. మౌనం మొదలు.

కావలి రోజు 1,274

దీపం బాగుంది. ఈ పాటికి పాట విడుదలైపోయి ఉంటుంది.

మంచుగడ్డలు మోసే ఓడ ఒకటి ఇటుగా పోయింది. ఆ ఓడల్లో మనుషులుండరు. దీపం దగ్గర మాత్రం మనిషి ఉండి తీరాలని ఎప్పటిదో చట్టం. ఓడ నా దీపం చూసి నియమం ప్రకారం రెండుసార్లు మిణుకుమంది. నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. దానికి కళ్ళున్నట్టు.

కావలి రోజు 1,279

దీపం బాగుంది. మోకాలు తగ్గింది. ఎవరూ చూడకపోయినా పాట పెట్టుకుని ఎగిరాను, తప్పు వైపే. చివర్లో ఎడంచెయ్యి చాచి నిలబడితే ఊరికే గుర్తొచ్చింది, నూకరాజు వరసలో నాకు ఎడమవైపే ఉంటాడని. చెయ్యి దించేశాను. లేనిపోని ఆశలు పెట్టుకునే మనిషిని కాను.

కావలి రోజు 1,286

దీపం బాగుంది. ఈ వారమంతా నేను పైకి అన్న మాటలు లెక్కపెట్టాను. నాలుగు. మూడు తోటకూరతో, ఒకటి ముల్లుతో.

కావలి రోజు 1,290

దీపం బాగుంది.

పొద్దున తొమ్మిదింటికి రేడియో బరబర ఆగింది. మొదట కేంద్రం వాళ్ళ సరుకుల జాబితా వచ్చింది. తర్వాత పాట వచ్చింది. టీ పెట్టుకున్నాను. తాగేశాను. గిన్నె కడిగాను. మళ్ళీ టీ పెట్టుకున్నాను. ఆ తర్వాత ధైర్యం చేసి మీట నొక్కాను.

ఐదుగురం ఉన్నాం. వరస చివర నేను, నా వెలిసిపోయిన చొక్కా, నా చెమట. మూలన ఐదు ముద్రలు, పగలకుండా. వాళ్ళు కుడికి పోతే నేను ఎడమకి వచ్చి నూకరాజుని గుద్దబోతున్నట్టుంది. వాళ్ళు పైకి ఎగరేస్తే నేనూ ఎగరేస్తున్నాను గాని అవతలి చేత్తో. చూస్తే నవ్వొస్తుంది. నాకే పగలబడి నవ్వొచ్చింది.

తర్వాత చివరి అడుగు. దిల్‌షాద్ కుడిచెయ్యి చాచి ప్రభుదాసుకి అందించింది. అతను చంద్రికకి, చంద్రిక నూకరాజుకి. ఎవరూ అందుకోవడం లేదు, అందరూ అవతలివాళ్ళకి ఇచ్చే పనిలోనే ఉన్నారు. నూకరాజు కుడిచెయ్యి నా వైపు వచ్చింది. నేను చీకటి వైపు చాచాల్సిన చెయ్యి, తప్పు చెయ్యి, ఎడమది, అరచెయ్యి పైకి పెట్టుకుని అతని వైపు వెళ్ళింది. సరిగ్గా అతని చేతి కింద ఆగింది. రెండు బొమ్మల మధ్య ఉండాల్సిన సందు లేదు, దిల్‌షాద్ దగ్గరికి జరిపేసింది.

ఎనిమిదో లెక్కకి ముగ్గురు చేతులు దించారు. మేమిద్దరం దించలేదు. తొమ్మిదికి ఇద్దరం ఒక్కసారి దించాం. పాట అయిపోయింది.

దిల్‌షాద్ మాట కింద ఉంది: "అక్కా, నీ బొమ్మ రాంగనే తలకాయ పట్టుకున్న. పోతబొమ్మనే పెడదామనుకున్న, అబద్ధమెందుకు. ఆఖరుకొచ్చేటాలకు నూకరాజు చెయ్యి, నీ చెయ్యి చూసిన. బొమ్మల ఏం మార్చలే, ఊకె జర పక్కకు జరిపిన. జరిపితే ముద్ర పలగదు. బళ్ళల్ల పిల్లలు ఐదుగురైదుగురు నిలవడి ఎగురుతున్నరంట. ఆఖరు పొల్ల ఉల్టా ఎగరాల్నంట. నేను ఎగురుతనంటే నేను ఎగురుతనని అందరు కొట్లాడుతున్నరంట ఆ జాగ కోసం."

నా చోటు కోసం. ఆ మాటని నాలుగుసార్లు విన్నాను. ఐదోసారి కన్నీళ్ళకి తెర కనిపించలేదు.

నూకరాజు మాట ఒక్కటే మిగిలింది. అది పదహారు రోజుల కింద పంపింది. మౌనంలో నాకు చేరదని తెలిసీ పంపాడు. పాట కూడా లేదు, నవ్వు కూడా లేదు. కాసేపు ఊపిరి, తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు.

"అప్పా. పొట్లం అందిందా?"

మైకు ముందు కూర్చున్నాను. చాలా చెప్పాలనుకున్నాను. ఎడమ అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూశాను. మైకు మీట నొక్కాను.

"అందింది తమ్ముడూ. వేడిగానే ఉంది. నిమ్మకాయ కాస్త తక్కువేశావు."

ఆ మాట భూమి మీదుగా తిరిగి అతన్ని చేరడానికి ఇంకా గంటన్నర పడుతుంది. ఈలోగా ఇంకోసారి ఎగిరి నీళ్ళు తోడుకుంటాను.